డాక్టరు జేకబ్ చేంబర్లేను

హైదరాబాదు సంస్థానమునందలి పల్లెలలో తెలుగు పుస్తకము చేతికందుట మిక్కిలి అరుదైన కాలమొకటి కలదు. కచేరీలలో పారసీ భాష చెల్లుచుండెను. వీథిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దిన బాలుడు ఆ పైని చదువుకొనవలెనన్న కరణము నింటనో పురోహితుని యింటనో తాటాకు గ్రంథముండినగాని గతి లేకుండెను. హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొన్నది 1901లో. దానికి ముప్పది యెనిమిది సంవత్సరములు పూర్వము, 1863లో, అచ్చుపడిన తెలుగు పుస్తకములను బండ్ల కెత్తించుకొని, ఒక అమెరికా వైద్యుడు నలుగురు స్వదేశీయులగు సహాయకులతో ఈ సంస్థానములో ప్రవేశించి, తెలుగు నేలగుండ ఉత్తరముగా సాగిపోయెను. ఆ పుస్తకములు బైబిలు భాగములును, క్రైస్తవ మతమును గూర్చిన చిన్న పొత్తములును. అవి కొన్నవారిలో అనేకులు అంతకు ముందు అచ్చుపుస్తకము పట్టి యెరుగరు.

ఆ వైద్యుడే జేకబ్ చేంబర్లేను. మదనపల్లె పేరుతో విడదీయరాకుండ పెనవేసికొన్న పేరది. ఆయన పుట్టినది 1835 ఏప్రిల్ 13న, అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమున షేరన్ అను ఊరిలో. పెరిగినది ఒహాయో రాష్ట్రమునందలి హడ్సన్‌లో. అక్కడి వెస్టరన్ రిజర్వు కళాశాలలో 1856లో పట్టము పొంది, న్యూబ్రన్స్‌విక్కులోని వేదాంత పాఠశాలలో 1859 వరకు చదివెను. మతబోధకునకు వైద్యము కూడ తెలిసియుండుట మేలని తలచి ఆ విద్యయు నభ్యసించెను. ఆ సంవత్సరమే షార్లెట్ బర్జ్ అను కన్యను వివాహమాడి, డిసెంబరులో ఓడ నెక్కి, 1860 ఏప్రిల్‌లో చెన్నపట్టణమున దిగెను. వయస్సు ఇరువదియైదు.

ఆయనను పంపిన సంఘమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన ప్రాంతమువారికి మెథడిస్టు, బాప్టిస్టు, లూథరను అను పేర్లు పరిచితములు; సంస్కృత సంఘము, అనగా రిఫార్మ్డు చర్చి, అంతగా పరిచితము కాదు. పదునారవ శతాబ్దమున జెనీవా నగరములో జాన్ కాల్విను బోధించిన మార్గమునుండి పుట్టిన సంఘమది. హాలండు దేశమున వేరూని, డచ్చివారితో అమెరికా చేరెను. దానికి బిషప్పులు లేరు. ఊరి సంఘమును బోధకుడును, సంఘస్థులెన్నుకొన్న పెద్దలును కలసి పాలింతురు. కొన్ని ఊళ్ళ సంఘములకు కలిపి క్లాసిస్ అను సభ యుండును. గుడిలో విగ్రహముగాని పటముగాని ఉండదు. వాక్యము చదువుట, బోధించుట, కీర్తనలు పాడుట, ప్రార్థించుట, ఇంతే ఆరాధన. పిల్లలకు నేర్పుటకై 1563లో వెలువడిన హైడెల్బర్గు ప్రశ్నోత్తరి యొకటి కలదు. దానిలో మూడు భాగములు: మనుష్యుని దురవస్థ, దానినుండి విమోచనము, ఆ విమోచనమునకు కృతజ్ఞత. పది ఆజ్ఞలను ఆ గ్రంథము మూడవ భాగములో చేర్చినది. ఈ చిన్న విషయములోనే ఆ సంప్రదాయపు సారమంతయు నున్నది. మంచి నడవడి పుణ్యము కొనుటకు చెల్లించు వెల కాదు. ముందే లభించిన దానికి చూపు కృతజ్ఞత అని దాని భావము. చేంబర్లేను జీవితమంతయు ఈ భావమును తెలుగువారికి తెలుగు మాటలలో చెప్పుటకు పడిన పాటు అనవచ్చును. అది ఎంత సులువుగా తోచునో అంత కష్టమైన పని.

ఆ సంఘమువారు మనదేశమున నడుపుచుండినది ఆర్కాటు మిషను. సింహళములోను చెన్నపట్టణములోను పనిచేసిన జాన్ స్కడ్డరు వైద్యుని కుమారులు దానిని 1853లో స్థాపించిరి. రాయవేలూరులో స్త్రీల వైద్యమునకు ప్రసిద్ధికెక్కిన ఐడా స్కడ్డరు ఆ వంశమువారే. ఆర్కాటు మిషను పని చాలవరకు తమిళసీమలో సాగుచుండెను. దానికి పడమటివైపున పలమనేరు, పుంగనూరు, మదనపల్లె తెలుగు ఊళ్ళు. చేంబర్లేను ఆ తెలుగువైపునకు వచ్చెను. కొంతకాలము పలమనేరున నుండి, 1863లో మదనపల్లెలో మిషను స్థానము నెలకొల్పెను. అప్పటికి ఆ ఊరికి రైలు లేదు, కళాశాల లేదు. జిడ్డు కృష్ణమూర్తిగారు అక్కడ జన్మించినది 1895లో. రవీంద్రులు అక్కడకు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోనికి తెచ్చినది 1919లో. చేంబర్లేను చేరునాటికి మదనపల్లె కొండల నడుమనున్న ఒక చిన్న కసబా మాత్రమే.

అచ్చట స్థిరపడిన సంవత్సరమే ఆయన నిజాము రాష్ట్రయాత్రకు బయలుదేరెను. అఫ్జలుద్దౌలా నిజాముగాను, మొదటి సాలారుజంగు దివానుగాను ఉన్న కాలమది. 1857 నాటి విప్లవము జరిగి ఆరేండ్లే అయినది. తెల్లవాడు పల్లెలో కనబడినచో అనుమానముతో చూచు రోజులు. హైదరాబాదు సంస్థానమున మెథడిస్టులు తెలుగువారి మధ్య పని ఆరంభించుటకు ఇంకను పదునేడేండ్ల వరకు గడువున్నది. చేంబర్లేను గుఱ్ఱముపైని, పుస్తకములు బండ్లలోను. మొత్తము మీద 1,200 మైళ్ళ ప్రయాణము. నెలల తరబడి సాగినది. ఊరికి చేరగానే రచ్చకట్టవద్దనో అంగడివీథిలోనో నిలిచి, కీర్తన పాడి, బోధించి, పుస్తకములను స్వల్పమైన వెలకు అమ్మెడివారు. ఉచితముగా ఇచ్చిన పుస్తకమును జనులు చింపి పొట్లములు కట్టుకొందురు. కాసు పెట్టి కొన్నదానిని దాచుకొందురు. గ్రంథాలయములు నడుపువారెల్లరు ఎరిగిన సత్యమే యిది.

ఆ యాత్రలో జరిగిన సంగతులను ఆయన తరువాత 1896లో పులుల అడవి పేరుతో ప్రకటించిన ఇంగ్లీషు పుస్తకమున వ్రాసెను. వానిలో రెండింటిని మాత్రము ఇచట చెప్పిన చాలును.

కోటగోడలు గల యొక పట్టణములో ఆయన అంగడివీథిని బోధించుచుండగా జనులు ఆగ్రహించిరి. తమ దైవములను కాదనువాడు ఊరిలో నిలువరాదనిరి. గుంపు పెరిగెను, కొందరు నేలపై పరచిన రాళ్ళు పెరికి చేతబట్టిరి. దారి మూసికొనిపోయెను. చేంబర్లేను వారితో వాదింపలేదు. తాను మీ దైవములను గూర్చి ఏమియు చెప్పబోననియు, ఒక కథ మాత్రము చెప్పెదననియు, అది వినిన పిదప రాళ్ళు రువ్వదలచినచో రువ్వవచ్చుననియు మనవిచేసికొనెను. కథ వినుటకు ఇష్టపడని తెలుగువాడెక్కడను లేడు. రాళ్ళు చేతిలో నుంచుకొనియే విన నారంభించిరి. పశువుల తొట్టిలో శిశువు పుట్టుట మొదలు, రోగులను బాగుచేసినవానిని సిలువకు కొట్టుట వరకు ఆయన తెలుగులో చెప్పుకొనిపోయెను. సిలువపై వ్రేలాడుచు తనను చంపువారి కొరకే ఆ మనుష్యుడు ప్రార్థించినాడను ఘట్టమునకు వచ్చునప్పటికి మొగములు మారినవి. కన్నుల నీరు వచ్చినది. రాళ్ళు ఒక్కొక్కటిగా కాలువలో పడినవి. అంతకుమున్ను మిక్కిలి కోపించినవారే పుస్తకములు కొనుటకు ముందుకు వచ్చిరి. ఆ పట్టణమునుండి ఆయన క్షేమముగా వెడలెను.

రెండవది గోదావరి తీరపు అడవిలో జరిగినది. వానకాలము. నది పొంగి పొరలుచుండెను. ఆ రోజులలో గోదావరిని పడవ రాకపోకలకు అనువుగా చేయుటకు ప్రభుత్వమువారు పని జరిపించుచుండిరి. వారి పొగపడవలో దిగువకు పోవచ్చునని చేంబర్లేను ఆశించెను. కాని వరదతో పోరాడుటలో ఆ పొగపడవ యంత్రము చెడిపోయెను. ఇక రెండవ పొగపడవ ఉండు తావునకు అడవిలో నడచియే పోవలసివచ్చెను. కూలీలు దొరకరు, దొరకినవారు పులుల భయముచేత పారిపోవ చూతురు. సాయంత్రము కావచ్చుచుండగా ఇద్దరు వేటగాండ్రు ఎదురుపడి, ముందున్న యుపనది పొంగినదనియు, తాము చేరదలచిన మెరకనేల మునిగిపోయినదనియు, పడవ దొరకదనియు చెప్పి చనిరి. చీకటి పడినచో ఆ అడవిలో నిలుచుట చావే. చేంబర్లేను గుఱ్ఱము మీదనే కొంచెము వెనుకబడి ప్రార్థించెను. ఎడమవైపునకు తిరిగి గోదావరి గట్టునకు పొమ్మని తనకు లోపలినుండి స్పష్టముగా తోచినదని ఆయన వ్రాసెను. తోడివారు ఒప్పుకొనలేదు. మరల మరల ఆ తలంపే కలుగగా ఆయన పట్టుపట్టి అందరిని నదివైపు మరల్చెను. ఒడ్డున వారికి కనబడినది అడుగు చదునైన పెద్ద పడవ. ఎగువనెక్కడనో కట్టివేసియుండగా వరదకు తెగి, కావలివాండ్రిద్దరితో కొట్టుకొనివచ్చి, వారెంత ప్రయత్నించినను ఆగక, తుదకు సరిగా ఆ చోటనే చెట్టునకు తగులుకొనెనట. ఆ రాత్రి అందరును పడవపై గడపిరి. ఒడ్డున పులులు తిరుగుచుండెను. దీనిని యాదృచ్ఛికమనువారు అనవచ్చును. చేంబర్లేను మాత్రము చనిపోవువరకు దానిని ప్రార్థనకు వచ్చిన ప్రత్యుత్తరమనియే నమ్మెను. ఆయనతో నడచిన ఆ నలుగురును అదే రాత్రిని అదే అడవిలో గడపినవారు. ఆ కథ ప్రపంచమునకు ఆయన నోటనే వినవచ్చినది గాని వారి నోట వినరాలేదు. ఆ లోటు ఆనాటి మిషనరీ గ్రంథములలో తరచుగా కనబడును.

ఆ యాత్రకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు. అడవిజ్వరము పట్టుకొనెను. అది నలువది యేండ్లకు పైబడి విడిచి విడిచి వచ్చుచునే యుండెను. దాని మూలమున అనేక పర్యాయములు పని నిలిపి కొండలకో స్వదేశమునకో పోవలసివచ్చెను. ఇట్టి దేహముతో ఆయన చేసిన పని చూచిన ఆశ్చర్యము కలుగును.

మదనపల్లెలోను పలమనేరులోను ఆయన వైద్యశాలలు నెలకొల్పెను. ఉదయముననే రోగులు చేరుదురు. రెడ్డి, కోమటి, తురక, మాల, మాదిగ, అందరును ఒకే వసారాలో. మొదట దేవుని వాక్యము చదివి, క్లుప్తముగా బోధించి, ప్రార్థించి, పిమ్మట ఒక్కొక్కరిని పరీక్షించెడివారు. మందుచీటి వెనుకవైపున సువార్త సంగ్రహముగా తెలుగున అచ్చువేయబడియుండెను. మందు అయిపోయినను చీటీ ఇంటనుండును. చదువువచ్చినవాడెవడో వచ్చి చదువును. మందు పేరుతో మతము చెప్పుట తగునా యని ఆనాడే అడిగినవారుండిరి, నేడును అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. వినినవానికి ఒక మందు, విననివానికి మరొక మందు ఆయన ఇయ్యలేదన్నది మాత్రము జ్ఞాపకముంచుకొనదగినది.

ఇక పల్లెసంఘముల మాట. ఆర్కాటు మిషనువారు ఒక గ్రామమును తమ బోధక్రిందికి తీసికొనుటకు కొన్ని నియమములు పెట్టుకొనిరి. కనీసము మూడు కుటుంబములు కలసి రావలెను, విగ్రహారాధన మానవలెను, ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, సంఘములో కులభేదము పాటింపరాదు. కాగితము మీద ఇవి సులువుగా తోచును. పల్లెలో నివసించువారికి వీని బరువు తెలియును. చచ్చిన గొడ్డు మాలమాదిగలకు వచ్చు హక్కు, కూలిలో ఒక భాగము. దానిని వదలుట కరవు దినములలో పస్తుండుటయే. ఆదివారము పనికి రానన్న పాలేరును ఆసామి ఊరకుండనిచ్చునా? జాతరలో డప్పు కొట్టనన్నవానికి కళ్ళములో గింజలు కొలుచువారెవరు? అమెరికానుండి వచ్చిన బోధకునకు ఆదివారము మానుటచే పోవునదేమియు లేదు, పోవునదంతయు చేరినవానికే. ఈ నియమములకు నిజముగా వెల చెల్లించినవారు ఆ పేదకుటుంబములవారే.

మరియొక కష్టము లోపలిది. తీర్థములో మునిగిన పాపము పోవునని, వ్రతము చేసిన ఫలము దక్కునని వినుచు పెరిగినవాడు ఈ నియమములను కూడ అట్లే తలచుట సహజము. ఆదివారము మానినాను, మాంసము మానినాను, ఇక దేవుడు నాకు బాకీపడినాడు అని యనుకొనును. అప్పుడు ఆ ప్రశ్నోత్తరిలోని మూడవ భాగము తలక్రిందులగును. కృతజ్ఞత మరల వ్యాపారమగును. ఈ చిక్కునకు విరుగుడును చేంబర్లేను తెలుగుదేశముననే వెదకికొనెను. ఆయనకు వేమన పద్యములన్న ఎనలేని ప్రీతి. చిత్తశుద్ధి లేని పూజయు, అడవులు తిరుగుటయు, ఆకసము చూచుటయు నిష్ఫలములని చెప్పిన ఆ యోగి మాటలను ఆయన బోధలలో ఉపయోగించెను. కొన్నిటిని ఇంగ్లీషు పద్యములుగను మార్చెను. బయటి ఆచారము లోపలి మలినమును కడుగదని జనులకు నమ్మకము కుదుర్చుటకు జెనీవానుండి సాక్షిని పిలువ నక్కరలేదనియు, కటారుపల్లెలో సమాధియైనవాడే చాలుననియు ఆయన కనుగొనెను. అక్కడివరకు వేమనతో నడచి, అక్కడినుండి తన సువార్త చెప్పెడివాడు. కటారుపల్లె మదనపల్లెకు అంత దూరము కాదు. బోధ వినవచ్చిన రైతులకు ఆ పద్యములు కంఠస్థములు.

తెలుగు మీద ఆయనకు గల శ్రద్ధ ఇంతటితో ఆగలేదు. తమ సంఘపు ఆరాధనక్రమమును 1873లో తెలుగు చేసెను. ఆ సంవత్సరముననే తెలుగు బైబిలును సవరించుటకు ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడయి 1894 వరకు, అనగా ఇరువదియొక్క సంవత్సరములు, ఆ భారము వహించెను. విశాఖపట్టణమున లండను మిషనుకు చెందిన జాన్ హే పండితుడు ఆ పనిలో ముఖ్యుడు. ఒక్కొక్క మాటకు దినముల తరబడి చర్చ జరుగుట ఇట్టి సంఘములకు పరిపాటి. గ్రాంథికము మరీ బిగిసినచో పల్లెటూరి విశ్వాసికి అందదు. వాడుకమాట వేసినచో పండితుడు నవ్వును. ఆ రెంటి నడుమ త్రోవ చూడవలెను. బైబిలు నిఘంటువొకటి తెలుగున కూర్చుటకు కూడ ఆయన పూనుకొనెను. ఆరాధనలో పాడుటకు కీర్తనల పుస్తకమును సిద్ధపరచెను. తెలుగువాడు రాగముతో వినినది మరువడని గ్రహించి, అంగడివీథి బోధలో కూడ ముందు పాట, తరువాత మాట అను పద్ధతిని అవలంబించెను.

మదనపల్లె పట్టణములో ఉచిత పఠనమందిర మొకటి నడుపబడెను. పత్రికలు, పుస్తకములు ఎవరైనను వచ్చి చదువవచ్చును. అక్కడ ఉపన్యాసములును జరుగుచుండెను. అన్ని కులములవారును, అన్ని మతములవారును వచ్చి కూర్చుండెడివారు. ఆయన ఉపన్యాసము ముగిసిన పిదప ఒకనాడు జరిగిన సంగతి ఆయన వ్రాతలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. చదువరియగు ఒక బ్రాహ్మణుడు లేచి మాటాడుటకు అనుమతి యడిగెను. ఖండనము వినబోవుచున్నామని అందరు తలచిరి. కాని ఆయన ఒక మామిడిచెట్టును చూపినట్లు మాటాడెను: చెట్టు నిండ పండ్లు, దారినపోవువారు రాళ్ళు రువ్వుదురు, కొమ్మలు విరుతురు, చెట్టు మాత్రము మరుసటి యేడు మరల కాయును. ఈ మిషనరీలును అట్టివారే. మనము తిట్టితిమి, పొమ్మంటిమి. వారు మన ఇండ్లకు వచ్చి మన పిల్లలకు మందిచ్చుచున్నారు. సంపాదనకు వచ్చినవారు కారు. ఇది వారికెట్లు సాధ్యమైనదని విచారించి చూచితిని. వారి బైబిలులోనే దానికి కారణమున్నట్లు నాకు తోచినది. ఇదీ ఆయన చెప్పిన సారాంశము. పండ్లున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలను సామెత మనకు క్రొత్తది కాదు. పరమతమువాని యెడల దానిని నిండుసభలో వాడుటకు ధైర్యము కావలెను; ఆ ధైర్యము ఆ బ్రాహ్మణునిది. ఆయన తన మతమున తానుండియే ఆ మాట చెప్పుట దానికి మరింత విలువ.

చేంబర్లేను వ్రాతలలో నేటి పాఠకునకు రుచింపని మాటలును కలవు. హిందూమతమును గూర్చి ఆయన వ్రాసినది అమెరికాలోని దాతలకు వ్రాసినది. అందు కఠినత కలదు, తొందరపాటు కలదు. పాములు, పులులు, కోతులు ఆయన పుటలలో కొంచెము ఎక్కువగానే తిరుగుచుండును. అంగడిలో నిలిచి వేమనను చెప్పిన మనిషియు, ఆ పుస్తకములు వ్రాసిన మనిషియు ఒక్కడేయైనను, మొదటివాడే తెలుగువారికి దగ్గరివాడు. అయినను హాస్యమెరుగనివాడు కాడు. కదలనని మొండికేసిన గుఱ్ఱమునకు చెవిని దారముతో మెలిపెట్టి, ఆ దారము మీద దాని ధ్యాస మరలగానే నడిపించిన ఉపాయమును గూర్చి ఆయన ఒక అధ్యాయమే వ్రాసెను. మొండి మనుష్యుల విషయములో కూడ అది పనికివచ్చునని ఆయన యభిప్రాయము.

జీవితపు రెండవ సగమున ఆయన మనస్సునంతయు ఆవరించిన విషయము వేరొకటి. సముద్రమునకు ఆవలి దేశములలో మూడువందల యేండ్ల క్రిందట జరిగిన తగవులవలన పుట్టిన పేర్లను తెలుగు పల్లెవాని నెత్తిన పెట్టుట ఎందుకు? డచ్చి సంఘమనియు, స్కాట్లండు సంఘమనియు ఒకే ఊరి మాలపల్లెలో రెండు గుడిసెలు వేరుగా నిలువనేల? ఈ ప్రశ్నను ఆయన స్వదేశపు సభలలో పదే పదే వేసెను. దేశీయ సంఘములకును విదేశ మిషను సమాజములకును గల సంబంధమును గూర్చి 1879లోనే ఒక పుస్తిక ప్రకటించెను. ఇచ్చటి సంఘము ఇచ్చటిదిగా ఉండవలెనే గాని అక్కడి సంఘమునకు కొమ్మగా ఉండరాదన్నది ఆయన వాదము. స్వదేశములోని పెద్దలు వెంటనే ఒప్పుకొనలేదు. పంపినవారి పేరు చెరగిపోవునని వారి బెంగ. ధనమిచ్చువారు పేరు కోరుట లోకసహజమే. ఏండ్లు గడచెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆర్కాటు మిషను సంఘములును, స్కాట్లండువారి చెన్నపట్టణపు సంఘములును ఒక సభగా కూడినప్పుడు ఆ సభకు మొదటి అధ్యక్షుడుగా చేంబర్లేనునే ఎన్నుకొనిరి.

అప్పటికి దేహము శిథిలమైనది. ఆయన కుమారులలో విలియము రాయవేలూరులోను, లూయీ మదనపల్లెలోను మిషను పనిలో ప్రవేశించియుండిరి. వారు చేయుచుండగా చూచుచు, తాను బల్లవద్ద కూర్చుండి వ్రాయగలిగినంత వ్రాయుచు దినములు గడపెను. 1908 మార్చి 2న మదనపల్లెలోనే చనిపోయెను. చెన్నపట్టణమున దిగి నలువదియెనిమిదేండ్లు కావచ్చినది. భారతదేశమున దైవరాజ్యమును గూర్చి ఆయన వ్రాసిన కడపటి గ్రంథము ఆ యేటనే ఆయన మరణానంతరము వెలువడెను. ఆ జూలై నెలలో, ఆయన గతించిన నాలుగు నెలలకు, చెన్నపట్టణమున లండను మిషను సంఘములును, మధుర ప్రాంతపు అమెరికా సంఘములును, ఆర్కాటు, స్కాట్లండు సంఘములతో కలసి దక్షిణ భారత ఐక్య సంఘమయ్యెను. డచ్చి పేరుగాని స్కాట్లండు పేరుగాని దానిలో లేదు.

అక్కడితో ఆ కథ నిలువలేదు. 1919లో తరంగంబాడిలో ముప్పదిమూడుగురు బోధకులు, ఇద్దరు తప్ప అందరును ఈ దేశీయులే, కూడి మరింత పెద్ద ఐక్యతకు పిలుపునిచ్చిరి. వారిలో దోర్నకలు బిషప్పు అజరయ్యగారు ప్రముఖులు. ఎడతెగని చర్చలు ఇరువదియెనిమిదేండ్లు సాగినవి. 1947 సెప్టెంబరు 27న, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, ఐక్య సంఘమువారును, ఆంగ్లికనులును, మెథడిస్టులును కలసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. మదనపల్లె సంఘములు రాయలసీమ అధ్యక్షమండలములో చేరినవి. పోస్నెట్టు దొర కరవుకూలీలతో కట్టించి 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ చేయించిన మెదకు మహాదేవాలయము మెదకు అధ్యక్షమండలమునకు కేంద్రమైనది. మంజీర తీరపు మెథడిస్టు సంఘములు ఆ మండలములో చేరెను. చేంబర్లేను సంఘమును పోస్నెట్టు సంఘమును ఆనాటినుండి ఒకే సంఘము.

1960ల తరువాత రామచంద్రాపురము, పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారములు లేచినప్పుడు పనికై నలుమూలలనుండి కుటుంబములు తరలివచ్చినవి. వానిలో చిత్తూరు జిల్లావారును ఉండిరి. మదనపల్లెలో బాప్తిస్మము పొందినవారు తమ సంఘమునుండి తెచ్చిన యోగ్యతాపత్రమును ఇక్కడి బోధకునకు చూపి, మెతుకుసీమ రైతుబిడ్డల ప్రక్కన బల్లయొద్ద మోకరించిరి. ఎవరును వారిని ఏ సంఘమువారని అడుగవలసిన పని లేకపోయెను.